ఇంటిల్లిపాదికీ పెద్ద లగ్జరీ ఎస్‌యూవీ: కొనేముందు కొలతలు, కొన్నాక అలవాట్లు

కోటి రూపాయల బండి కొనాలనుకున్న ఇంట్లో చర్చంతా సన్‌రూఫ్, స్పీకర్లు, రంగు చుట్టూనే తిరుగుతుంది. అసలు ప్రశ్నలు బండి ఇంటికొచ్చాక మొదలవుతాయి. నాయనమ్మ ఎక్కలేకపోతుంది. సెల్లార్‌లో డోర్ సగమే తెరుచుకుంటుంది. ఏడుగురూ కూర్చుంటే సూట్‌కేసులకు చోటుండదు. పక్క వీధికి కూరగాయలకు వెళ్లాలంటే ఆ తాళం ఎవరూ ముట్టుకోరు.

వీటిలో చాలావాటిని ముందే తేల్చుకోవచ్చు. నేను నమ్మే పద్ధతి ఒకటే: ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లకీ, అందరికంటే చిన్నవాళ్లకీ బండి సరిపోతుందా అని మొదట చూడాలి. నడిపేవాళ్ల సరదా ఆ తర్వాతే. మధ్యవాళ్లు ఎలాగూ సర్దుకుపోతారు. కొలతల కోసం ఇక్కడ మెర్సిడెస్ జీఎల్‌ఎస్‌ని ఉదాహరణగా తీసుకుంటున్నాను. బీఎండబ్ల్యూ ఎక్స్7 దాదాపు అంతే ఉంటుంది. ఆడి క్యూ7, వోల్వో ఎక్స్‌సీ90 కాస్త పొట్టి. కానీ పద్ధతి అన్నింటికీ ఒకటే.

మొదట టేపు తీసుకుని సెల్లార్‌లోకి వెళ్లండి

షోరూమ్‌కి వెళ్లకముందే చేయాల్సిన పని ఇది. జీఎల్‌ఎస్ పొడవు సుమారు 5.2 మీటర్లు, అంటే 17 అడుగుల పైమాట. వెడల్పు పక్క అద్దాలు విప్పి ఉంటే దాదాపు 2.16 మీటర్లు, అంటే ఏడడుగులు దాటుతుంది. మన అపార్ట్‌మెంట్లలో చాలా చోట్ల పార్కింగ్‌కి గీసిన గీతలు ఎనిమిదడుగుల వెడల్పు, పదహారడుగుల పొడవు. అంటే బండి మూతి దారిలోకి పొడుచుకొస్తుంది. అద్దాలు మడిచినా రెండు పక్కలా మిగిలేది జానెడు చోటే. ఒక పక్క స్తంభం ఉందంటే డ్రైవర్ దిగడమే కష్టం. ఇక చంకలో పిల్లను పెట్టుకుని దిగే అమ్మ సంగతి చెప్పక్కర్లేదు.

కాబట్టి ఐదు చోట్ల కొలవండి: గేటు వెడల్పు, ర్యాంపు మలుపు, పార్కింగ్ పొడవు, స్తంభాల మధ్య దూరం, పైకప్పు ఎత్తు. పైకప్పు అన్నప్పుడు స్లాబు కాదు, దాని కింద వేలాడే పైపులు, దూలాలు, ఫైర్ స్ప్రింక్లర్లు. బండి ఎత్తు ఆరడుగులే కాబట్టి లోపలికి వెళ్లడానికి ఇబ్బంది ఉండదు. డిక్కీ తలుపు పైకి లేచినప్పుడే అది పైపుకి కొట్టుకుంటుంది. దీనికి ఉపాయం సులువు. చాలా బళ్లలో డిక్కీ తలుపు ఎంతవరకు లేవాలో మనమే సెట్ చేసుకోవచ్చు. కావలసిన ఎత్తులో ఆపి, తలుపు అంచున ఉన్న బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే గుర్తుపెట్టుకుంటుంది. కొన్ని మోడళ్లలో అదే పని స్క్రీన్ సెట్టింగ్స్‌లో చేయాలి. డెలివరీ రోజునే చేయించుకోండి.

ర్యాంపు మలుపు మాత్రం టేపుతో తేలదు. ఈ బండి పూర్తిగా తిరగడానికి సుమారు 12.5 మీటర్ల చోటు కావాలి. టెస్ట్ డ్రైవ్ బండిని మీ అపార్ట్‌మెంట్‌కే తెమ్మని అడగండి. ఇంత ఖరీదైన బండికి ఎవరూ కాదనరు. సెల్లార్‌లోకి దింపి, మీ చోట్లోనే పెట్టి, నాలుగు డోర్లూ తెరిచి చూడండి. మామూలుగా ఇంట్లో ఎవరు నడుపుతారో వాళ్లచేతే నడిపించండి, సేల్స్ కుర్రాడి చేత కాదు. మీది పైన ఒకటి కింద ఒకటి ఎక్కించే స్టాక్ పార్కింగ్ అయితే అక్కడ రాసి ఉన్న బరువు, ఎత్తు పరిమితి చదవండి. ఈ బళ్లు రెండున్నర టన్నులు తూగుతాయి. సెడాన్ల కోసం కట్టిన వాటిలో వీటిని పెట్టనివ్వరు.

కొలతలు కుదరకపోతే ఏం చేయాలి? స్తంభం లేని చివరి చోటు ఎవరిదో కనుక్కుని మార్చుకోమని అడగండి. కుదరకపోతే బండి మార్చుకోండి. ఎక్స్‌సీ90 ఐదు మీటర్లకు లోపే ఉంటుంది. అర అడుగు పొడవు తగ్గినా సెల్లార్‌లో తేడా బాగా తెలుస్తుంది.

ఎవరు ఎక్కడ కూర్చుంటారో కాగితం మీద రాయండి

ఏడు సీట్లు అంటే ఏడుగురు అని లెక్క వేసుకుంటాం. మూడు వరుసలూ వాడితే జీఎల్‌ఎస్‌లో డిక్కీకి మిగిలేది 355 లీటర్లు, ఎక్స్7లో ఇంకా తక్కువ. అంటే ఒక చిన్న హ్యాచ్‌బ్యాక్ డిక్కీ అంత. ఏడుగురు సంక్రాంతికి ఊరెళ్లాలంటే బట్టలు పట్టవు. వచ్చేటప్పుడు అమ్మమ్మ ఇచ్చే బియ్యం బస్తా, అరిసెల డబ్బా సంగతి సరేసరి. మూడో వరుస మడిస్తే మాత్రం జీఎల్‌ఎస్‌లో 890 లీటర్లు వస్తుంది. అందుకని ఈ బండిని ఐదుగురికి దర్జాగా, ఏడుగురికి అవసరానికి అన్నట్టు చూసుకోవాలి. మూడో వరుసలో ఒక సీటు వేసి, ఒకటి మడిచి, ఆరుగురూ సామానూ వెళ్లడమే ఎక్కువ ఇళ్లలో జరిగేది.

రెండో వరుసలో మూడు సీట్ల బెంచీ కావాలా, మధ్యలో సందుతో విడివిడిగా ఉండే రెండు కెప్టెన్ సీట్లు కావాలా అని అడుగుతారు. బడికెళ్లే పిల్లలు, చైల్డ్ సీటు, తాతయ్య, నాయనమ్మ అందరూ ఉన్న ఇంటికి నా ఓటు కెప్టెన్ సీట్లకే. బెంచీలో చైల్డ్ సీటు బిగించాక ఆ పక్క సీటు ముందుకు వంగదు. మూడో వరుసకి వెళ్లేవాళ్లు రెండో పక్కనుంచి దూరాలి. కెప్టెన్ సీట్లయితే పిల్లలు మధ్య సందులోంచి వెనక్కి వెళ్లిపోతారు. ఒక సీటు పోతుంది, నిజమే. ఆ ఏడో సీటు ఏడాదికి ఎన్నిసార్లు కావాలో మీకే తెలుసు.

పెద్దవాళ్లను షోరూమ్‌కి తీసుకెళ్లండి. చీర కట్టుకున్న నాయనమ్మ, మోకాళ్ల నొప్పులున్న తాతయ్య ఎక్కి దిగితేగానీ తేలదు. ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు గాలి తిత్తులు) ఉన్న బళ్లను ఎక్కేటప్పుడు కొన్ని సెంటీమీటర్లు కిందికి దించవచ్చు. ఆ బటన్ ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించండి. ఫుట్‌బోర్డు ఉన్నా అది ఇరుగ్గా ఉంటే ఉపకారం కంటే అపకారమే ఎక్కువ. కాలు సగమే ఆనుతుంది, వానలో జారుతుంది, చీర అంచుకి బురద అంటుతుంది. పాదం మొత్తం ఆనేంత వెడల్పు, పైన గరుకు రబ్బరు ఉండాలి. పట్టుకోవడానికి డోర్ స్తంభం దగ్గర పిడి ఉందో లేదో చూడండి. పెద్దవాళ్లకు మొదట బండి వైపు వీపు పెట్టి సీటు మీద కూర్చుని, తర్వాత కాళ్లు లోపలికి తిప్పుకోమని చెప్పండి. ఒక కాలు పైకెత్తి ఎక్కడం కంటే అది చాలా సులువు.

ఇక్కడే ఒక మాట. మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఎక్కడం నిజంగా కష్టమైతే, ఎస్‌యూవీ మీద మనసు కాస్త వెనక్కి తీసుకుని టయోటా వెల్‌ఫైర్, కియా కార్నివాల్ చూడండి. జారుడు తలుపులు ఇరుకు పార్కింగ్‌లో కూడా పూర్తిగా తెరుచుకుంటాయి, నేల తక్కువ ఎత్తులో ఉంటుంది. పెళ్లికి వెళ్తే ఎస్‌యూవీకున్నంత గుర్తింపు దొరకదంటారు. మోకాళ్లకు ఆ గుర్తింపుతో పని లేదు.

పిల్లల సీట్లు, బెల్టులు

పెద్ద బండి కాబట్టి ఏమీ కాదన్న ధీమా ఈ బళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. 2022 సెప్టెంబరులో పాల్ఘర్ దగ్గర జరిగిన ప్రమాదంలో టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ చనిపోయారు. ఆయన ప్రయాణిస్తున్నది మెర్సిడెస్ ఎస్‌యూవీయే. వెనుక సీట్లో బెల్టు పెట్టుకోలేదు. వెనుక కూర్చున్న ఇద్దరూ చనిపోయారు, ముందు ఉన్న ఇద్దరూ బతికారు. బెల్టు పెట్టుకున్న శరీరాన్ని కాపాడటానికే ఎయిర్‌బ్యాగులను తయారు చేస్తారు.

ఇంట్లో ఒక నియమం పెట్టండి: మూడు వరుసల్లోనూ క్లిక్ శబ్దం వినబడితేగానీ బండి కదలదు. అమ్మమ్మకి బెల్టు గొంతు దగ్గర ఒరుసుకుంటుందని ఫిర్యాదు ఉంటే, బెల్టు పై కొనను ఎత్తు తగ్గించుకునే వీలుంటే తగ్గించండి, లేదా సీటు కాస్త పైకి లేపండి. బెల్టు వీపు వెనక్కి వేసి తాళం మాత్రం బిగించే తెలివితేటలు కూడా చూస్తుంటాం. అది బెల్టు లేనట్టే. పద్నాలుగేళ్లలోపు పిల్లలను బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకుండా తీసుకెళ్తే మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ ప్రకారం 1000 రూపాయల జరిమానా ఉంది.

చైల్డ్ సీటు విషయంలో వరుసగా ఇలా చేయండి. పసిబిడ్డ సీటు వెనుక వైపు చూసేలా ఉండాలి. ఐ-సైజ్ అనే చైల్డ్ సీట్ల ప్రమాణం కనీసం 15 నెలల దాకా అలాగే ఉంచమంటుంది. ఇంకా ఎక్కువ కాలం ఉంచినా మంచిదే. రెండో వరుసలో ఐసోఫిక్స్ కొక్కేలకు బిగించండి. ముందు సీట్లో వెనక్కి చూసే సీటు ఎప్పుడూ పెట్టకండి. ఎయిర్‌బ్యాగు పేలితే నేరుగా సీటు వీపు మీద కొడుతుంది. తప్పనిసరై పెట్టాల్సి వస్తే ఆ వైపు ఎయిర్‌బ్యాగు ఆపినట్టు గుర్తు వెలిగిందో లేదో చూశాకే. కాస్త పెద్దపిల్లలకు ఆ సీటు చాలక, మామూలు బెల్టు ఇంకా మెడ మీదికి వస్తుంటే, ఎత్తు పెంచే బూస్టర్ సీటు కావాలి. వోల్వో ఎక్స్‌సీ90లో రెండో వరుస మధ్య సీటులోనే బూస్టర్ దాగి ఉంటుంది. మీరు చూసే బండిలో అది ఉందో లేదో అడగండి.

ఒళ్లో కూర్చోబెట్టుకోవడం గురించి ఇంట్లో వాదన వస్తుంది. "ఇంతకాలం మేం అలాగే పెంచాం" అంటారు. వాదించకండి. నెమ్మదిగా వెళ్తూ ఒకసారి గట్టిగా బ్రేకు పడితే ఒళ్లోని పిల్ల ఎంత ముందుకు వెళ్తుందో వాళ్లకే తెలుసు. వేగం పెరిగితే ఎవరి చేతులూ ఆపలేవని అత్తయ్యగారికి శాంతంగా చెప్పండి.

మరో ప్రమాదం బండి బయట ఉంటుంది. బోనెట్, డిక్కీ ఎత్తు కాబట్టి బండి ముందుకు వెళ్తున్నా, వెనక్కి వెళ్తున్నా దగ్గరున్న చంటిపిల్లలు కనబడరు. సెల్లార్లోనే పిల్లలు సైకిళ్లు తొక్కుతారు. కెమెరాలను నమ్మండి, కానీ వాటి మీద దుమ్ము పడి ఉంటుంది కాబట్టి రోజూ ఒకసారి తుడవండి. ఎక్కేముందు బండి చుట్టూ ఒక చుట్టు తిరగడం అలవాటు చేసుకోండి. పిల్లల లెక్క చూసుకున్నాకే బండి స్టార్ట్ చేయాలి. వాటంతట అవే మూసుకునే డోర్లు, బటన్‌తో మూసుకునే డిక్కీ ఉంటే పిల్లల వేళ్లు జాగ్రత్త. డోర్ దాదాపు మూసుకున్నాక మోటారు దాన్ని లోపలికి లాక్కుంటుంది, అప్పటికి వేలు బయటికి తీసే సమయం ఉండదు.

పూజ, సీటు కవర్లు, అలంకారాలు

వాహన పూజ చేయించండి, నిమ్మకాయలు తొక్కించండి, అంతా మంచిదే. డ్యాష్‌బోర్డు మీద విగ్రహం ఎక్కడ అతికిస్తున్నారో మాత్రం చూసుకోండి. ముందు ప్రయాణికుడి ఎయిర్‌బ్యాగు డ్యాష్‌బోర్డు పైభాగం చీల్చుకుని వస్తుంది. అక్కడ ఉన్న లోహపు విగ్రహం ముఖం మీదికి ఎగిరి వస్తుంది. దేవుడిని మధ్య భాగంలో, గాజుకి దగ్గరగా, ఎయిర్‌బ్యాగు మూత మీద పడకుండా చిన్న రూపంలో పెట్టుకోండి.

తోలు పాడవుతుందని లక్షల సీటు మీద వెయ్యి రూపాయల కవర్ వేస్తాం. పక్క ఎయిర్‌బ్యాగులు సీటు పక్కనే కుట్టులోంచి పేలి బయటికి వస్తాయి. మామూలు కవర్ వాటిని అడ్డుకుంటుంది. సీటుకి చల్లగాలి వచ్చే చిల్లులు ఉంటే అవీ మూసుకుపోతాయి. మరి పసుపు, కుంకుమ, పచ్చడి నూనె మరకలు? లేత గోధుమరంగు లోపలి భాగం ఎంచుకోకండి. గోధుమ, నలుపు, ముదురు గోధుమ రంగుల్లో ఏదైనా మన ఇళ్లకు నయం. పిల్లల సీటు కింద మందపాటి మ్యాట్ వేస్తే చాలు. ముందు వైపు ఇనుప బంపర్ గార్డులు 2017 డిసెంబరులోనే కేంద్రం నిషేధించింది. గుద్దుకున్నప్పుడు అవి దెబ్బను ఛాసిస్‌కి పంపి, ఎయిర్‌బ్యాగు సెన్సర్లను తికమక పెడతాయి. అద్దాలకు నల్ల ఫిల్మ్ అతికించడం 2012లో సుప్రీంకోర్టు ఆపింది. బండితో వచ్చే లాగే తెరలు వాడుకోండి.

డీజిలా, పెట్రోలా: బడి ఎంత దూరంలో ఉందో చూడండి

2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక పెద్ద డీజిల్ బండితో రెండు కొత్త బాధ్యతలు వచ్చాయి. మొదటిది డీపీఎఫ్ అనే పొగ జల్లెడ. మసి అక్కడ చేరుతుంది. బండి హైవే మీద ఒక వేగంలో ఇరవై నిమిషాల దాకా నడిస్తే ఆ మసి కాలిపోతుంది. రోజూ మూడు నాలుగు కిలోమీటర్ల బడికి వెళ్లి వచ్చి, ట్రాఫిక్‌లోనే ఉండిపోయే బండిలో అది కాలదు. జల్లెడ నిండి, హెచ్చరిక లైటు వెలుగుతుంది. మీ వాడకం అలా ఉంటే పెట్రోలే తీసుకోండి. డీజిలే ఇష్టమైతే వారానికి ఒకసారి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కండి. హైదరాబాద్ వాళ్లకు 158 కిలోమీటర్ల ఔటర్ ఉంది, అదృష్టం. పిల్లలను తీసుకుని సాయంత్రం ఒక ఎగ్జిట్ నుంచి నాలుగైదు ఎగ్జిట్ల అవతలికి వెళ్లి రండి.

రెండోది యాడ్‌బ్లూ. నీళ్లలో 32.5 శాతం యూరియా కలిపిన ద్రవం ఇది. డీజిల్ ట్యాంకులో పోసేది కాదు, దానికి వేరే మూత ఉంటుంది. డ్రైవర్‌కి ఇది గట్టిగా చెప్పాలి. అయిపోయిందని హెచ్చరించిన తర్వాత కూడా పట్టించుకోకపోతే బండి ఆపాక మళ్లీ స్టార్ట్ కాదు. దూరం వెళ్లేముందు ఎంత మిగిలిందో చూసుకోండి. పొలానికి వేసే యూరియా కలిపి పోద్దామని ఎవరైనా సలహా ఇస్తే నవ్వి ఊరుకోండి.

నగరంలో డీజిల్‌కి లీటరుకు ఏడెనిమిది కిలోమీటర్లు, పెట్రోల్‌కి అంతకంటే తక్కువ వస్తుందనుకోండి. ఇది చూసి బాధపడేవాళ్లు ఈ బండి కొనరు. కానీ దీంతో ముడిపడిన మరో మాట ఉంది. ఈ బండితో సుఖంగా ఉన్న ఇళ్లలో చాలావాటిలో ఒక పాత చిన్న కారు కూడా ఉంటుంది. పాలప్యాకెట్టుకి, మందుల షాపుకి, ట్యూషన్‌కి అదే వెళ్తుంది. ఆ చిన్న కారు అమ్మకండి.

ఊరికి వెళ్లేటప్పుడు

హైదరాబాద్ నుంచి విజయవాడ దారి అయితే పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్లు దాటాలి. సొంత కార్లకు 200 ట్రిప్పుల దాకా పనిచేసే ఏడాది ఫాస్టాగ్ పాసు 2025 ఆగస్టు 15న మొదలైంది, అప్పుడు దాని ధర 3000 రూపాయలు. అది జాతీయ రహదారులకే, ఔటర్ రింగ్ రోడ్డుకి కాదు. తరచూ ఊరెళ్లే కుటుంబానికి కలిసొస్తుంది.

బయల్దేరే ముందురోజు టైర్లలో గాలి చూడండి. డోర్ స్తంభం మీద గానీ, పెట్రోల్ మూత లోపల గానీ రెండు అంకెలు ఉంటాయి: ఇద్దరు ముగ్గురు ఉన్నప్పుడు ఎంత, నిండుగా ఉన్నప్పుడు ఎంత అని. ఏడుగురు, సామాను ఉంటే రెండో అంకె. టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. 21, 22 అంగుళాల చక్రాలకు పక్క రబ్బరు సన్నగా ఉంటుంది. గుంతలో పడితే టైరు చిరుగుతుంది, రిమ్ వంగుతుంది. ఒక్కో టైరు వేలల్లో కాదు, పదివేల లెక్కల్లో ఉంటుంది. పైగా మధ్యదారిలో ఊరి పంక్చర్ షాపులో దొరకదు. కొనేటప్పుడే చిన్న చక్రాల వేరియంట్ ఉంటే అది తీసుకోండి, అందం కాస్త తగ్గినా. స్టెప్నీ ఉందో, పంక్చర్ కిట్ మాత్రమే ఉందో డెలివరీకి ముందే తెలుసుకోండి. ఆ సన్నటి స్టెప్నీ వేస్తే గంటకు 80 దాటకూడదు.

పల్లె దారిలో బరువే అసలు సమస్య. కోనసీమలో కాలువ గట్ల మీద ఎదురుగా ఆటో వస్తే పక్కకి దిగాలనిపిస్తుంది. దిగకండి. గట్టు అంచు మెత్తగా ఉంటుంది, రెండున్నర టన్నుల బరువుకి జారుతుంది. ఆగి, వాళ్లను జరగమని అడగండి, లేదా వెడల్పున్న చోటికి మీరే వెనక్కి రండి. వానాకాలంలో నల్లరేగడి పొలం దారిలో ఇంజిన్ బలం నాలుగు చక్రాలకూ వెళ్లే బండి అయినా సిటీ టైర్లతో ఉన్నంత కాలం ఏమీ చేయలేదు. ట్రాక్టరే లాగాలి. ముందు రోజే ఊళ్లోని బాబాయికి ఫోన్ చేసి ఇంటి దాకా బండి వస్తుందా, గుడి దగ్గరే ఆపాలా అని అడగడం నామోషీ ఏమీ కాదు.

రోడ్డు మీద ధాన్యం, జొన్న కంకులు, గడ్డి ఆరబోసి ఉంటే దాని మీద ఆపకండి. బండి కింద పొగ గొట్టం వేడిగా ఉంటుంది. డీపీఎఫ్ మసి కాల్చుకుంటున్నప్పుడు ఇంకా వేడి. చుట్టుకున్న ఎండుగడ్డి అంటుకుంటుంది. ఆగాల్సి వస్తే గడ్డి దాటాక ఆపి, కిందికి వంగి చూడండి.

తిరుమల సంగతి వేరే చెప్పాలి. ఎక్కడానికి 1974లో వేసిన రెండో ఘాట్, దిగడానికి 1944 నాటి మొదటి ఘాట్. ఎక్కడం ఈ ఇంజిన్లకు లెక్క కాదు. దిగడమే పరీక్ష. మలుపు మలుపుకీ బ్రేకు నొక్కుతూ దిగితే, ఈ బరువుతో డిస్కులు కాలి వాసన వస్తుంది, పెడల్ మెత్తబడుతుంది. అందుకే అలిపిరికి దిగేటప్పుడు స్టీరింగ్ వెనుక మీటలతో గేరు రెండుకో మూడుకో దించి, ఇంజిన్ చేతే బండిని ఆపించండి. చాలా బళ్లలో దిగువ వేగాన్ని దానంతటదే నిలబెట్టే బటన్ కూడా ఉంటుంది. డ్రైవర్‌కి అది నేర్పండి. మూడో వరుసలో పిల్లలకు ఘాట్ మీద వాంతులు వస్తాయి. ఆ పూట వాళ్లను రెండో వరుసలోకి మార్చండి. శ్రీశైలం అడవి దారి రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసి ఉంటుంది. ఎంత పెద్ద బండి ఉన్నా గేటు దగ్గర అందరూ ఒకటే.

నీళ్లు, ఎలుకలు, రోజువారీ తిప్పలు

2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు నీట మునిగాయి. మునిగిన బండిని స్టార్ట్ చేయడమే అసలు నష్టం. సిలిండర్లోకి నీళ్లు వెళ్లి ఇంజిన్ బిగుసుకుపోతుంది. బ్యాటరీ తీగ విప్పించి, టోయింగ్ వాళ్లను పిలవండి. ఇన్సూరెన్స్‌లో జీరో డిప్రిసియేషన్‌తో (విడిభాగాల అరుగుదల పేరుతో కోత లేని కవర్) పాటు ఇంజిన్ ప్రొటెక్ట్, టైర్ కవర్ ఉన్నాయో లేదో వాన మొదలయ్యేలోపు చూసుకోండి. జీతం ఇచ్చే డ్రైవర్ ఉంటే అతని కోసం చిన్న అదనపు ప్రీమియం కట్టే వీలుంది, అది మరిచిపోకండి. పెద్ద వాన సూచన ఉంటే సెల్లార్‌లోంచి బండి ముందే పైకి తెచ్చేయండి. వీధిలో నిలిచిన నీళ్లలోకి దిగాలనిపిస్తే ల్యాండ్ రోవర్ డిఫెండర్ యాడ్‌లు గుర్తు తెచ్చుకోకండి, ఆ బండికి 900 మిల్లీమీటర్ల లోతు తట్టుకునే తయారీ వేరు.

ఎలుకల సంగతి. సెల్లార్‌లో చెత్త డబ్బాల దగ్గర పార్క్ చేయకండి. బండిలో తినుబండారాలు వదలకండి, ముఖ్యంగా తిరుపతి లడ్డూ. నెయ్యి వాసనకి అవి దారి కనుక్కుంటాయి. వైర్లు కొరికితే రిపేరు బిల్లు చూశాక ఇంకో లడ్డూ తినబుద్ధి కాదు.

అపార్ట్‌మెంట్‌లో పొద్దున్నే తడిగుడ్డతో తుడిచే కుర్రాడికి శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డలు మీరే కొనివ్వండి. ఎండిన దుమ్ము మీద అన్ని బళ్లకూ వాడే ఒకే గుడ్డ రుద్దితే నలుపు రంగు మీద చక్రాల్లా గీతలు పడతాయి. ఫంక్షన్ హాల్ దగ్గర వ్యాలెట్ కుర్రాడికి తాళం ఇచ్చేటప్పుడు వ్యాలెట్ మోడ్ ఉంటే పెట్టండి. రివర్స్ ఎలా వేయాలో, బండి ఎంత పొడవో ఒక్కమాట చెప్పండి. చిన్న బళ్లు నడిపి అలవాటైన వాళ్లకు గేరు మీట ఎక్కడుందో కూడా తెలియదు. మెర్సిడెస్‌లో అది స్టీరింగ్ పక్కన వైపర్ మీటలా ఉంటుంది.

ఖర్చు, సెకండ్‌హ్యాండ్

ధర అడిగితే ఆన్-రోడ్ ధరే అడగండి. లైఫ్ టాక్స్, ఇన్సూరెన్స్ కలిపాక షోరూమ్ ధర గుర్తుపట్టలేనంత మారుతుంది. పది లక్షలు దాటిన కారుకి ఒక శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే వసూలు చేసే ఆదాయపు పన్ను) కూడా వసూలు చేస్తారు, దాన్ని ఆదాయపు పన్ను రిటర్న్‌లో తిరిగి చూపించుకోండి. సర్వీస్ ప్యాకేజీ, ఎక్స్‌టెండెడ్ వారంటీ కొనేటప్పుడే తీసుకోవడం నయం. వారంటీ అయిపోయాకే ఎయిర్ సస్పెన్షన్ వయసు పైబడుతుంది.

సెకండ్‌హ్యాండ్ అయితే ముందురోజు సాయంత్రం వెళ్లి, బండిని మామూలు ఎత్తులో ఆపించి, నాలుగు చక్రాల పైన ఫెండర్ దాకా ఎంత ఖాళీ ఉందో కొలిచి రాసుకోండి. మర్నాడు పొద్దున స్టార్ట్ చేయకముందే మళ్లీ కొలవండి. ఒక మూల కిందికి దిగి ఉంటే గాలి కారుతోంది. కార్పెట్ కింద, సీటు పట్టాల దగ్గర తుప్పు, బురద చూడండి, మునిగిన బండి అక్కడే దొరుకుతుంది. పదేళ్లు దాటిన డీజిళ్ల మీద ఢిల్లీలో ఆంక్షలు ఉన్నాయి కాబట్టి అక్కడి బళ్లు తక్కువ ధరకు ఇటు వస్తుంటాయి. ధర చూసి మురిసేముందు అక్కడి ఎన్‌ఓసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ టాక్స్ లెక్క వేయండి. వేరే రాష్ట్రం నంబరుతోనే ఏళ్ల తరబడి తిప్పేవాళ్లు ఉన్నారు. ఆర్‌టీఏ వాళ్లు పట్టుకునే జాబితాలో ఖరీదైన బళ్లే ముందు ఉంటాయి.

అమెరికాలోని పిల్లల దగ్గరికి ఆర్నెల్లు వెళ్తుంటే బ్యాటరీకి మెయింటెనెన్స్ చార్జర్ తగిలించి వెళ్లండి. ప్లగ్ పాయింట్ లేకపోతే నమ్మకమైన వాళ్లకు తాళం ఇచ్చి, పది పదిహేను రోజులకోసారి అరగంట రోడ్డు మీద తిప్పమనండి. ఉన్నచోటే స్టార్ట్ చేసి ఆపేస్తే బ్యాటరీ నిండదు, డీపీఎఫ్ మాత్రం నిండుతుంది. టైర్లలో గాలి కాస్త ఎక్కువ పెట్టించండి, హ్యాండ్ బ్రేక్ వదిలి చక్రాలకు రాళ్లు పెట్టించండి. రెండో తాళం బీరువాలో ఉంచండి, బండి పక్కన గోడకి వేలాడదీయకండి. తాళం దగ్గర్లో ఉన్నంతసేపూ బండి దాన్ని వెతుకుతూ మేలుకునే ఉంటుంది.